వీక్లీ ఆఫ్

ఆరు రోజులు ఈ చేతులు బస్సువి.
బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు పట్టేదాకా
అరచెయ్యి పడిన చోటల్లా కూత.
ముందువాడు కదలడు, వెనకవాడు ఆగడు,
నడుమ నేను,
నా వీపు మీద అరవై మంది తొందర.

ఏడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి
మెట్ల కింద నుంచి సైకిలు తీస్తాను.
మా ఆవిడ నిద్రలోనే అంటుంది:
"ఉన్న ఒక్క సెలవూ ఆ రోడ్డుకే తగలెయ్."
నిజమే.
కానీ ఇది ఆ రోడ్డు కాదు.

బ్యారేజీ మీద ఇంకా దీపాలు.
సీతానగరం దగ్గర కృష్ణలోంచి కాలవ విడిపోతుంది,
బడి గంట వినపడ్డ కుర్రాడిలా.
దాంతోపాటే నేనూ.
గట్టు మీద టైము షీటు లేదు, స్టేజీలు లేవు.
నీళ్ళు వాటి పని మీద అవి,
నేను నా పనిలేనితనం మీద.

మొదటి గంట ఏమీ వినపడదు.
చెవుల్లో బెంజి సర్కిల్ ఉంటుంది ఇంకా.
అది ఒక్కొక్కటిగా రాలాలి,
ముందు లారీలు, తరవాత ఆటోలు,
చివరికి, పోను పోనంటూ, ఒక బుల్లెట్టు.
చిలువూరు దాటాక
గొలుసు చప్పుడు బయటపడుతుంది.
ఇంతసేపూ అది నాతోనే ఉంది.
తూటికాడ పొదల్లో జెముడుకాకి.
ఆ తరవాత, ఎవరిదో అనుకున్నాను,
నా ఊపిరి.

దుగ్గిరాల ముందుగా ముక్కుకే తెలుస్తుంది.
ఉడికిన పసుపు కళ్ళాల్లో ఆరబోసి ఉంటుంది.
లాకుల దగ్గర లస్కరు సైదులు
తన ఫ్లాస్కులో టీ సగం నాకు పోస్తాడు.
ఒకప్పుడు పడవలు ఇక్కడే ఆగేవట,
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ సమం అయ్యేదాకా
సరంగులు చుట్టలు కాల్చుకుంటూ కూర్చునేవారట.
వాళ్ళ తాత చెప్పిన మాట.
సమం అయ్యేదాకా కూర్చోవడం!
మా డిపోలో చెబితే మెమో ఇస్తారు.

ఈసారి కొల్లూరు ఇవతల బాతుల మంద.
ఆరేడు వందలుంటాయి, రోడ్డు నిండా.
కర్రకి ఎరువుల సంచి ముక్క కట్టి
ఒక పిల్లాడు తోలుతున్నాడు.
నా అరచెయ్యి అలవాటు కొద్దీ
లేని హారన్ మీదికి లేచింది.
సైకిలుకి గంట ఉంది.
కొట్టలేదు.
ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను.
ఆరు రోజులుగా మనుషులకి ఇవ్వని దారి
బాతులకి ఇచ్చాను.
ఒకటి మాత్రం ఆగి,
నా టైరుని ఒకసారి పొడిచి చూసి, పోయింది.

భట్టిప్రోలు చేరేసరికి ఎండెక్కింది.
స్తూపం అంటే ఇప్పుడేముంది,
గుండ్రంగా పాత ఇటుకలు, గడ్డి, ఇనప కంచె.
తవ్వినప్పుడు రాతి బరిణె దొరికిందట,
దాని లోపల స్ఫటికపు బరిణె, ఇంకా లోపల
చిటికెడు ఎముక.
మూత అంచున అక్షరాలు.
మట్టి కింద రెండు వేల ఏళ్ళు
ఎవరూ చదవకపోయినా
అవి గొంతు పెంచలేదు.
రోజూ నా కళ్ళ ముందు లారీల వెనక
సౌండ్ హారన్ ప్లీజ్.

వాచ్‌మన్ ధనకోటి రిజిస్టరు తెచ్చాడు.
ఈ పేజీలో నాకు ముందు వచ్చిందెవరా అని చూశాను.
కొమ్మూరి ఏసుపాదం, విజయవాడ.
నేనే. పోయిన నెల.
'వచ్చిన పని' గడిలో అప్పుడు
'చూచుటకు' అని రాశాను.
ఇప్పుడేం రాయాలో తోచక
పెన్ను మూత నోట్లో పెట్టుకుని
ఆ గడిని ఖాళీగా వదిలేశాను.

ధనకోటి అది చూడనైనా లేదు.
"అన్నా, మా పిల్లకి బందరులో పరీక్ష,
బెజవాడ నుంచి పొద్దున్నే బస్సుందా?"
"అయిదూ పదికి. డ్రైవరు వెనక సీటు ఆపుతాను."
"నెమ్మదిగా పోతావా?"
"ఆ ఒక్క రోజూ," అన్నాను.

తిరుగుదారిలో తెనాలి దాకా ఎదురుగాలి.
అది కూడా, పాపం,
తొయ్యడమే కానీ
హారన్ కొట్టలేదు.