గడప లోపలి కబురు

క్లీవ్‌లాండ్‌లో ఆ చలికాలమంతా
సరస్సు మీది గాలి కిటికీ సందుల్లో ఈల వేసేది.
కాలేయాన్ని మంచు మీద పెట్టి ముక్కలు కోయడం నా పని.
గాజుగుడ్డలో వడకట్టడం, గొట్టాలకు నంబర్లు వేయడం,
ఎన్నిసార్లు చేతులు కడిగినా పోని ఆ ఇనుప వాసన.

అడ్రినలిన్ తగిలితే కాలేయం చక్కెర విడుస్తుంది,
అది అప్పటికే పాత సంగతి.
కణాల పొరలు తీసేసిన రసంలో మాత్రం
ఎంత పోసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.
తలుపే లేని ఇంటికొచ్చి
ఎక్కడ తట్టాలో తెలియక నిలబడ్డట్టు.

ఆ మంగళవారం
పొరల తుక్కులో అడ్రినలిన్ కలిపి, కాసేపుంచి,
మూడు నిమిషాలు మరగబెట్టమన్నాడు డాక్టర్ హాలరన్.
"మరిగాక ఇంకేం మిగులుతుంది?" అన్నాను.
"ఏమీ మిగలదని తేలితే త్వరగా ఇంటికి పోదాం" అన్నాడు.
ప్రోటీన్లన్నీ విరిగిన పాలలా అడుగుకు దిగాయి.
పైన తేరిన నీళ్ళు, నాలుగంటే నాలుగు చుక్కలు,
ఆ మూగ రసంలో వేశాను.

రసం మేల్కొంది.

మళ్ళీ చేశాను. మళ్ళీ మేల్కొంది.
ఇంటికి పోవడం మరిచిపోయాం.

యుద్ధం ఇంకా ముగియని నవంబరు గుర్తొచ్చింది నాకు.
టోపీ చేతిలో పట్టుకున్న తంతి కుర్రాడు
గడప దాటలేదు. వాడి పని అక్కడిదాకానే.
అమ్మకు ఇంగ్లీషు రాదు.
పదకొండేళ్ళ దాన్ని, కాగితం విప్పి చదివి,
వంటింటిదాకా తొమ్మిది అడుగులు నడిచి
ఒక్క మాట అన్నాను: ఓండ్రెయ్.
అన్నయ్య పేరు. అంతే.
ఆ తర్వాత ఇల్లు నా చేతిలో లేదు.
అమ్మ చేతిలో పళ్ళెం, ఆ చప్పుడుకి మేడ మీది పిన్ని,
పిన్ని కేకకి పక్కింటి ష్టెఫాన్‌లు,
చీకటి పడేలోగా స్లోవాకుల వీధి వీధంతా
మా గుమ్మంలో.
కుర్రాడి సైకిలు అప్పటికి మలుపు తిరిగే ఉంటుంది.

మరిగినా చావని దానికి తర్వాత పేరు పెట్టారు,
సైక్లిక్ ఏఎంపీ.
తన కొసను తానే పట్టుకున్న చిన్న ఉంగరం.
దాన్ని విప్పేసి నోరు మూయించే ఎంజైమూ
ఆ ఇంట్లోనే ఉంటుంది,
లేకపోతే కణానికి నిద్రేది?
కాఫీ ఆ ఎంజైమ్ చేతులు పట్టుకుంటుందట.
అది విన్నరోజు నవ్వు రాలేదు నాకు.
అమ్మ ఆ ఏడాదంతా పొయ్యి మీంచి
కాఫీ గిన్నె దించలేదు.

అడిగారు అందరూ, కబురు ఎవరు తెచ్చారని,
అమ్మ ఎలా తట్టుకుందని.
ఆ తొమ్మిది అడుగుల సంగతి
ఎవరూ అడగలేదు.

రాత్రి పదకొండయింది.
గొట్టాలు కడిగి బోర్లించాను.
ఒకదాంట్లో ఇంకా చుక్క మిగిలి ఉంది,
పారబోయలేదు.