ఇంటిపేరు టోజర్

ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాను
డెవన్ కొండవాలు ఊళ్ళలో, వానలో.
ఏ గుమ్మానిది ఏ ఇంటిపేరో
కుక్కల పేర్లతో సహా తెలుసు.
నా పేరు మాత్రం, నాకే వచ్చిన కవరైనా,
ఎన్నడూ విప్పి చూడలేదు.

రిటైరయ్యాక ఎక్సెటర్‌లో
పెన్సిలు తప్ప మరేదీ రానివ్వని పాత రికార్డుల గదిలో
చలికోటు విప్పి కూర్చున్నాను.

టోజర్ అంటే ఉన్ని ఏకేవాడట.
ముళ్ళ దువ్వెనతో చిక్కు తీసి
గొర్రె మోసుకొచ్చిన గడ్డినీ పేడనీ బురదనీ
దులిపి, దులిపి, మెత్తన చేసేవాడు.
గొర్రె అతనిది కాదు, ఇల్లు అతనిది కాదు,
ఇంటిపేరొక్కటే సొంతం.
అదీ గుమాస్తా చెవిని బట్టి మారేది:
పెళ్ళినాడు టోసర్,
అద్దె బాకీల చిట్టాలో టౌజర్.
దిద్దమనడానికి అతనికి అక్షరం రాదు.

గిల్బర్ట్. భార్య టామసిన్.
గ్రేస్ అని ఒక పిల్ల. పదకొండు నెలలకే మట్టి.
మళ్ళీ గ్రేస్. మళ్ళీ మట్టి.
మూడోసారి పుట్టిన పిల్లకూ గ్రేస్ అనే పెట్టారు.
ఎంత మొండిదానివమ్మా టామసిన్!
లేక పేదింట్లో పేరు కూడా
అక్క గౌనులా చెల్లికి తొడిగేదేనా?

ఆ మూడో గ్రేస్ బతికింది.
ఇరవయ్యో ఏట ఆమెకు కొడుకు.
తండ్రి పేరుండాల్సిన చోట ఉత్త కాగితం.
ఆ ఖాళీలోంచే
ఈ ఇంటిపేరు నా దాకా నడిచొచ్చింది.

చర్చివాళ్ళ పేదల ఖర్చు పుస్తకంలో ఒక పంక్తి:
"టోజర్ పిల్ల కొడుక్కి జోళ్ళు, రెండు షిల్లింగులు."
ఎన్నాళ్ళు వచ్చాయో ఎవరూ రాయలేదు.

మర దువ్వెనలొచ్చాక
గిల్బర్ట్ రోడ్డు పక్కన కంకర కొట్టాడు.
చచ్చేదాకా అతన్ని
ఉన్ని ఏకేవాడనే పిలిచారు.

పెళ్ళి పుస్తకంలో అతని నిశానీ ఉంది:
ఇంటూ గుర్తు.
ఒక గీత పొడుగు, ఎడమకు వాలింది.
నాదీ ఎడమచేతి వాటమే!
గుండె దడదడలాడింది,
మేడమ్‌ని పిలిచి చూపించాను.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని మెల్లగా అంది:
"పాళీ అరిగిందండీ.
ఈ పేజీలో అందరి గీతలూ అటే వాలాయి."

చూశాను. నిజమే.
అయినా గది మూసేదాకా
ఎడమచేత్తోనే పేజీలు తిప్పాను.