తలుపు సందు

ట్రామ్ ఏడు నిమిషాలు ఆలస్యం.
కెమ్నిట్స్‌లో మంచు పడితే అంతే.
కచేరీ మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపరు,
రొట్టెల బట్టీ నుంచి నేరుగా వచ్చి
మోచేతి మీద పిండి మరక ఉన్నవాణ్ణి అసలే పంపరు.

కాబట్టి కోట్ల గదిలో ఉండిపోయాను,
మూడొందల తడి కోట్లతో,
గొడుగులు కార్చే నీటి చప్పుడుతో.
రోస్‌విథా బల్ల వెనక కూర్చుని
ఇత్తడి బిళ్లలు లెక్కపెడుతోంది, పెదవులు కదలకుండా.

గోడ అవతలిదాంట్లో నాకు అందేది అడుగు భాగమే:
డబుల్ బాసులు నేలలోంచి బూట్లలోకి ఎక్కుతాయి,
హ్యాంగర్లు ఒకదాన్నొకటి తాకి వణుకుతాయి.
ఎవరిదో నల్ల ఉన్ని కోటు
లోపల మనిషి లేకుండానే ఊపిరి తీసుకుంది.

తర్వాత పాట. ఆమె గొంతు
తలుపు దాటేసరికి హల్లులన్నీ రాలిపోయి
అచ్చులే మిగిలాయి:
ఆ... ఓ... పొడవాటి ఊ.
చావు గురించో, సాయంత్రం గురించో.
మా అమ్మ నేర్పిన భాషే, అయినా ఒక్క మాటా దొరకలేదు.
వెతకబుద్ధీ కాలేదు.

అప్పుడొచ్చాడు డెట్లెఫ్, ట్రంపెట్ చంకలో,
ఉత్త మేజోళ్లతో, బూట్లు చప్పుడు చేస్తాయని.
కాగితాన్ని గొడుగుల బుట్టకి ఆనించాడు.
స్వరాల మీద పెన్సిలు రాత: చాలా దూరం నుంచి.

నూట పాతికేళ్ల కిందట ఎవరో మహానుభావుడు
కొండల అవతల నుంచి, యవ్వనం అవతల నుంచి
ఒక పిలుపు కావాలనుకున్నాడు.
ఈ ఊళ్లో ఆ దూరం
మూడో నంబరు తలుపు, కోట్ల గది పక్కన.

రోస్‌విథా లేచింది. చెప్పులు విడిచింది.
తలుపు జానెడు తెరిచి పట్టుకుంది.
ఆ జానెడు ఎంతో పందొమ్మిదేళ్లుగా ఆమె చేతికి తెలుసు:
వేలెడు ఎక్కువైతే దండు వచ్చిపడినట్టుంటుంది,
తక్కువైతే పక్కింటి కుర్రాడి సాధన.
డెట్లెఫ్ బుల్లి తెర మీద కండక్టరు చెయ్యి చూస్తున్నాడు.
పెదవులు తడుపుకున్నాడు.
ఊదాడు.

నేను అడుగు ఎడంలో ఉన్నాను.
నాకది దూరం కాదు: ఇత్తడి, ఉమ్మి,
వెల్లుల్లి వాసన, మెడ మీద ఉబ్బిన నరం,
చెవులు గింగురుమనేంత దగ్గర.
కానీ సందులోంచి చూశాను,
చివరి వరసలో ఒక ముసలాయన
తల తిప్పాడు, మా వైపు కాదు,
పైకి, బాల్కనీ దాటి,
ఎవరో తనను చిన్నప్పటి పేరు పెట్టి పిలిచినట్టు.

ఎనిమిది స్వరాలు. అంతే.
డెట్లెఫ్ ట్రంపెట్ వంచి నీటి చుక్క జార్చాడు.
రోస్‌విథా తలుపు మూసి, నా మోచేయి చూసి,
పిండిని రెండు వేళ్లతో దులిపింది.
"విరామంలో వెళ్లు," అంది గుసగుసగా,
"ఏడో వరసలో ఒకటి ఖాళీ."

విరామం వచ్చింది.
వెళ్లలేదు. రెండో సగంలో డెట్లెఫ్ మళ్లీ వస్తాడట,
ఈసారి ఇంకా దూరం నుంచి.
గొడుగుల బుట్ట కాస్త జరిపి
అతనికి చోటు చేశాను.