సున్నా పరీక్షలు దొరికాయి

క్లాక్స్‌విక్ రేవులో వాన పక్కవాటంగా కురుస్తుంది.
గొడుగులమ్మేవాడు ఈ ఊళ్లో బతకలేడు.
చేపల గోదాం మీది అద్దె గదిలో
రన్‌వా రెండో రోజు కూడా
అదే వాక్యం చదువుతోంది:
సున్నా పరీక్షలు దొరికాయి.

తప్పాయంటే అదొక దారి.
ఇదిగో ఈ వరుసలో, ఈ బ్రాకెట్ దగ్గర అని
చెవి పట్టుకుని లాక్కురావచ్చు.
దొరకనిదానికి చెవి ఎక్కడుంటుంది?

పోనీ లేవా అంటే,
ఎడమ పక్క వరసగా అన్నీ ఉన్నాయి.
నలభై ఒకటి. వేలుపెట్టి లెక్కపెట్టింది.
గొర్రెతో పడవెక్కే మనిషికి టికెట్ ఎంత,
గాలి ఎంత దాటితే పడవ కదలదు,
మంచాన పడ్డవాళ్లకి ఏ తలుపు తెరవాలి.
అన్నీ హెర్గైర్ రాసినవే.
కిందటి చలికాలం ఈ పని మానేసి
సాల్మన్ చేపలకి మేత వేయడానికి వెళ్లిపోయాడు.

ఎడిటర్ మూసి తెరిచింది.
ఎక్స్‌టెన్షన్ పీకి మళ్లీ పెట్టింది.
నోడ్ వెర్షన్ దించింది, ఎక్కించింది.
మాడ్యూళ్లన్నీ ఊడ్చేసి మళ్లీ దింపుకునేలోపు
కెటిల్ రెండుసార్లు మరిగి చల్లారింది.
తెర అంచున పరీక్షల గుర్తు,
ఆ చిన్న గాజు కుప్పె,
కడిగి బోర్లించినంత ఖాళీ.

ఎక్కడ వెతకాలో కాన్ఫిగ్‌లో తనే రాసింది: బాటర్.
పడవలు అని అర్థం.
ఫోల్డర్ పేరూ బాటరే.
అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసింది.
ఇందులో ఉన్నదే అందులోనూ ఉంది.

మధ్యాహ్నం కౌంటర్ నుంచి మార్యున్ వచ్చింది,
తడి కోటు తలుపుకి తగిలించి.
"శుక్రవారం నుంచి కొత్త ధరలట. పరీక్షించావా?"
"పరీక్షలు కనబడటం లేదు."
"పోయాయా?"
"ఉన్నాయి."
"మా ఆయన కళ్లజోడులాగా," అంది మార్యున్.
గోరువెచ్చని కాఫీ తాగుతూ
తన గోడు తను చెప్పుకుంది:
"నేనిప్పుడు మొహాలు చూడటం మానేశాను, లెక్కపెడుతున్నా.
మొన్న ఒకావిడ బొత్తాలన్నీ పెట్టుకుని
ఒక్క టికెట్టుతో ఎక్కింది.
సగం దూరం వెళ్లాక
కోటు ఏడ్చింది."

ఆమె మెట్లు దిగిపోయాక చాలాసేపటికి
రన్‌వాకి ఏదో తట్టింది.
చూడటం ఆపి, లెక్కపెట్టమంది యంత్రాన్ని.
కాన్ఫిగ్‌లో బాటర్: ఐదు.
ఫోల్డర్ బాటర్: ఆరు.

వాళ్ల భాషలో ఆ అక్షరం నెత్తిన ఒక వాలుగీత.
గుణింతం దిద్దిన చేతులు మనవి,
మనకి వేరే చెప్పక్కర్లేదు.
ఒకటి గీతతోనే పుట్టిన అక్షరం.
ఇంకొకటి, అక్షరం రాశాక విడిగా వచ్చి కూర్చున్న గీత.
కంటికి రెండూ ఒకటే.
యంత్రానికి కన్నెక్కడిది?
హెర్గైర్ కంప్యూటర్ ఆ గీతని
కోటు కింద దాచి ఎక్కించింది.

ఫోల్డర్ పేరు చెరిపి
అదే పేరు మళ్లీ కొట్టింది.
ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు.

గాజు కుప్పె నిండింది.
నలభై ఒకటి దొరికాయి.
పచ్చ, పచ్చ, పచ్చ,
గొర్రె ఎక్కింది, గాలికి పడవ ఆగింది,
నలభై పచ్చలు, చివర్న ఒక ఎరుపు.
ఇన్నాళ్లకి ఎరుపు చూసి చప్పట్లు కొట్టబోయి
చదివింది.

ప్రతి పరీక్షకీ ఒక వాక్యం పేరుగా పెట్టేవాడు హెర్గైర్.
దీనికి పెట్టింది:
శవపేటికలో ఇంటికి వెళ్లేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోం.
దాని కింద, యంత్రం గొంతుతో,
రావలసింది సున్నా.
వచ్చింది నూట ఇరవై క్రోనలు.

కొత్త ధరల పట్టీ పైఆఫీసు నుంచి వచ్చింది.
ఎవరో ఒక గడిని కిందిదాకా లాగినట్టున్నారు,
లేదా లాగాలనే లాగారేమో.

రన్‌వా ఫోన్ తీసింది.
అవతల మోగుతోంది.
కిటికీ కింద నాలుగింటి పడవలోకి
మార్యున్ జనాన్ని ఎక్కిస్తోంది,
ఒక్కొక్క భుజం తట్టి,
పెదాలు కదుపుతూ.