వానలో మనిషి బొమ్మ

మొదటిసారి వచ్చినప్పుడు
కుర్చీ అంచున కూర్చున్నాడాయన.
మార్చి నెల. వాల్పరైసో రేవులో
ద్రాక్షపళ్ళ ఓడలు బారులు తీరిన రోజులు.
పేరు రాయమన్నాను. అబ్దోన్ బారియెంతోస్.
వయసు గడి దగ్గర కలం కాస్త ఆగి
యాభై మూడు అని రాసింది.
ముప్పై ఏళ్ళు శీతల కంటైనర్ల మధ్య గడిపినవాడు,
కంప్రెసర్ దగ్గు వింటే జబ్బు పేరు చెప్పగలడట.
ఆ సంగతి తర్వాత గేటు కాపలావాడు చెప్పాడు.
దరఖాస్తులో దానికి గడి లేదు.

"వారంలో కబురు చేస్తాం" అన్నాను.
అలా అనమని నాకు చెప్పారు.
మా వారానికి ఎన్ని రోజులో
నాకూ తెలియదు.

రెండోసారి పత్రాలు.
మూడోసారి అవే పత్రాలు, నోటరీ ముద్రతో.
నాలుగోసారి శాంటియాగో నుంచి రావలసిన అధికారి
రాలేదు.
మూడు గంటలు కూర్చున్నాడు.
హాలు మూలన మంచినీళ్ళ యంత్రం
ఏడాదిగా గురక పెడుతోంది,
పైకి రాసి రాసి ఊరుకున్నాను.
ఆయన లేచి, దాని వెనక చెయ్యి పోనిచ్చి,
బస్సు టికెట్టు నాలుగు మడతలు పెట్టి
ఎక్కడో దోపాడు.
గురక ఆగింది.
గది ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది నాకు.

ఐదోసారికి చలికాలం వచ్చింది.
కొండ మీంచి దింపే లిఫ్టు చెడిపోతే
నూట అరవై మెట్లు దిగి వచ్చాడు.
బూట్లకు కొత్త అడుగులు.
కోటు తమ్ముడిదని
భుజాలు చెప్పేస్తున్నాయి.

ఆ రోజు మానసిక పరీక్ష.
తెల్ల కాగితం, పెన్సిలు.
"వానలో ఉన్న మనిషి బొమ్మ గీయండి."
అంతే.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి.
ఈ బల్ల వెనక్కి రావడానికి నేనూ గీశాను ఆ బొమ్మ.
ముందు రాత్రి మా పిన్ని కూతురు యస్నా
ఉల్లిపాయలు తరుగుతూ నేర్పింది:
గొడుగు వెయ్యి, చచ్చినా మర్చిపోకు.
కాళ్ళ కింద నేల గీత గియ్యి.
మబ్బు ఒకటి చాలు. మొహం నవ్వాలి.
నాకు పది నిమిషాల్లో ఉద్యోగం వచ్చింది.

నీళ్ళ గ్లాసు అందిస్తూ
గొడుగు, అని
మూడక్షరాలు అనొచ్చు.
గ్లాసు అందించాను.

ఆయన బొమ్మలో గొడుగు లేదు.
వాన అడ్డంగా పడుతోంది.
మనిషి గాలిలోకి ఒంగి
ఒక చెయ్యి టోపీ మీద, ఒక చెయ్యి తాడు మీద.
కింద నేల లేదు, ఓడ అంచుంది.

జూన్‌లో ఉత్తరపు గాలి లేచాక
ఈ రేవులో గొడుగు తెరిచేది
ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళే.
తెల్లారేసరికి ఆ గొడుగులు
చువ్వలు విరిగి పీతల్లా వెల్లకిలా పడుంటాయి.
పనిచేసేవాడికి రెండు చేతులూ కావాలి.
రేవు కుక్కలకు కూడా తెలుసు ఈ మాట.

నివేదిక నేనే టైపు చేశాను:
"ఒత్తిడి నుంచి కాపాడుకునే సాధనాలు లోపించాయి.
వాస్తవికత మీద పట్టు తక్కువ."

ఆ తర్వాత కూడా ఆరోసారి, ఏడోసారి
ఎందుకు పిలిచారో నన్నడక్కండి.
ఏడోసారి, "ఐదేళ్ళ తర్వాత
మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అన్నారు.
ఆయన కిటికీలోంచి క్రేన్ల వైపు చూపించి
"అక్కడ" అన్నాడు.

సెప్టెంబరు పండుగ సెలవులకు ముందురోజు ఉత్తరం పంపాను.
"మీ ఆసక్తికి ధన్యవాదాలు.
మీ వివరాలు భద్రపరుస్తాం."
ఆ సొరుగు తాళం నా దగ్గరే ఉంటుంది.
శుక్రవారాలు ఖాళీ చేసేదీ నేనే.
బొమ్మ ఒక్కటీ చించలేకపోయాను.

వారం తిరక్కుండా ఫోను చేశాడు.
తిడతాడనుకున్నాను. తిట్టుంటే బాగుండేది.
"ఆ నీళ్ళ యంత్రం" అన్నాడు,
"టికెట్టు తాత్కాలికం. తడిస్తే జారిపోతుంది.
రబ్బరు ముక్క పెట్టించండి."

ఇంకా పెట్టించలేదు.
ఇవాళ మళ్ళీ మొదలైంది, సన్నగా.
ఎదురుగా కుర్చీ అంచున ఎవరో కుర్రవాడు,
వయసు గడి దగ్గర కలం ఆగలేదు.
"వారంలో కబురు" అనబోయి
అతని రసీదు మూలన
చిన్న గొడుగు గీసి
అటు తిప్పాను.

కంపెనీ ముద్ర అనుకున్నట్టున్నాడు.
మడిచి జేబులో పెట్టుకున్నాడు.