శనివారం ఫ్రెంచి

చీమకుర్తి బడిలో శనివారం ఆఖరి పీరియడ్.
యానాంలో మా మామ్మ దగ్గర
నేర్చుకున్న నాలుగు ముక్కలు
పిల్లలకి పంచుతున్నాను.

"అక్కడ అంగట్లో అడుగు పెడితే
ముందు పలకరింపు, తర్వాతే సరుకు."
మాలకొండయ్య లేచాడు:
"అప్పున్నోళ్ళు గూడానా టీచర్?"

మూరెడు రొట్టెకి కాగితం చుట్టి
చంకలో పెట్టుకుని నడుస్తారంటే
"చెమట అంటదా!" అని వెనక బెంచీ.
కొస తుంచి దారిలోనే తినేస్తారంటే మాత్రం
అందరికీ నమ్మకం కుదిరింది.

ఇక 'బోఁజూర్'.
చివరి ర నాలుకది కాదు,
గొంతు లోపల గరగరలాడాలి.
ఎవరికీ రాలేదు. నాకే సరిగా రాదు.
మస్తాన్‌బీ అనేసింది,
అచ్చం మా మామ్మ అన్నట్టు.

"ఎట్టా వచ్చిందే?"
"మా నాయన పొద్దున్నే ఇట్టనే గదా టీచర్
గొంతు సవరించుకునేది.
క్వారీ దుమ్ము."

చేతికంటిన సుద్దపొడి
కొంగుకి తుడుచుకున్నాను.
బయట నల్లరాయి లారీ ఒకటి
రేవుకి పోతోంది.

సోమవారం తెలిసింది:
మాలకొండయ్య కొట్టుకి పోయాడంట,
ముందు పలకరించాడంట.
శెట్టి ఖాతా పుస్తకం మూసి
"మళ్ళా చెప్పు" అన్నాడంట.