వెతికే వరస

ఈ రేవులో నీళ్లు మూరెడు కూడా లేవవు.
దీవుల సందుల్లో మాత్రం
ఆరు గంటలు తూర్పుకి, ఆరు గంటలు పడమరకి
పగ్గం తెంపుకున్నట్టు పరిగెడతాయి.
ఎప్పుడు ఎటో తెలియకుండా
నేను చుక్కాని ముట్టను.

ఆ పట్టిక తెల్లవారుజామున నాలుగింటికి అచ్చవ్వాలి.
కొత్త సర్వర్ వచ్చిన మూడు రోజులుగా
ఖాళీ కాగితం వస్తోంది, అడుగున ఒకటే ముక్క:
మాని అనే కమాండ్ దొరకలేదు.

మాని అంటే మా ఫారో భాషలో చందమామ.
హానుస్ రాసిన బుల్లి ప్రోగ్రాం.
పట్టిక వేసే పెద్ద ప్రోగ్రాంకి
సందులన్నీ తెలుసు, చంద్రుడు తెలియడు.
మానిని పిలిచి అడుగుతుంది.

పగలు సోల్‌రున్ తన చేత్తో నడిపితే మాని పలుకుతుంది.
రాత్రి యంత్రం తనంతట తను లేచి పిలిస్తే పలకదు.
"నిద్రపోతోందేమో" అన్నాను.
ఆమె నవ్వలేదు. నా తడి బూట్లు చూసి
కుర్చీ అటు జరిపింది.

"పేరు పెట్టి పిలిస్తే ఇది ఊరంతా గాలించదు, బెర్గుర్.
దీని జేబులో చీటీ ఒకటుంటుంది,
ఫోల్డర్ల పేర్లు, నడుమ జంట చుక్కలు.
ఆ వరసలోనే తలుపులు తడుతుంది.
ముందు పలికినవాడే మాని.
పక్కింట్లో ఇంతకన్నా మంచి మాని ఉన్నా
తొంగి చూడదు.
నా చీటీలో ఏడిళ్లు, ఆరోది హానుస్‌ది.
రాత్రి చీటీలో రెండే."

లేకపోవడం వేరు, దొరకకపోవడం వేరన్నమాట.

మానిని తీసుకెళ్లి
రాత్రి చీటీలో ఉన్న ఇంట్లో దించింది.
తీరా తను పిలిస్తే, ఇప్పుడు తనకే పలకలేదు.
లేచి వసారాలోకి నడిచింది.
ఏం తోచకపోయినా ఆమె కాళ్లు
హానుస్ గదివైపే పోతాయి.
రెండు నెలలుగా అందులో
తాళ్లు, పెయింటు డబ్బాలు.

సూరోయ్ దీవికి ఫోన్ చేసింది.
నిద్రగొంతుతో ముసలాయన:
"పాత గుమ్మం గుర్తుపెట్టుకుని అక్కడికే పోతోంది.
మర్చిపోమని చెప్పు."
ఠక్కున పెట్టేశాడు.

దానికీ ఒక కమాండ్ ఉందట, మర్చిపోవడానికి.
నాలుగక్షరాలు, ఒక గీత, ఇంకో అక్షరం.

నాలుగింటిదాకా కూర్చున్నాం.
పెద్దది ముందు తన నకలు తీసుకుంటుందట.
ఆ నకలు తన తెలివంతా దులిపేసుకుని
మానిగా మారిపోతుందట.
అసలుది అడుగు కదపకుండా కాచుకుంటుంది.
చివరికి చేతికొచ్చేది ఒక అంకె.
సున్నా అయితే క్షేమం,
ఇంకేదైనా ఏదో ఒక కష్టం.
ఇంట్లో నా భార్య అడిగే ప్రశ్నకి కూడా
నేను అలాగే జవాబిస్తుంటాను.

ప్రింటర్ దగ్గింది.
కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే
కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.
సోల్‌రున్ ఆ గదిలో లైటు తీసేద్దామని వెళ్లింది.
అది వెలగనే లేదు.

ఐదూ పన్నెండుకి
నోల్సోయ్ సందులో నీళ్లు పడమర తిరిగాయి.